పానాల కాక

సోమవారం పొద్దున ఎల్లారెడ్డి బస్టాండుల దిగి చూస్తే కాక దుకాణం షట్టరు మూసి ఉన్నది. నాలుగేండ్ల సంది నేను అదే బస్సుకు వస్తున్న. ఆ షట్టరు మూసి ఉండంగ ఎన్నడు చూడలే. పక్కన చాయ్ హోటలాయన నన్ను చూసి గిలాసలు కడుగుడు ఆపిండు.

“టీచరమ్మా, నీకు ఎరుకలేదా? కాక పోయిండు. శనివారం నాడు, కామారెడ్డి దవఖానల. తాడ్వాయికి తీస్కపోయిండ్రు, వాళ్ల అన్న ఇంటికి.”

ఆయనకు ఒక అన్న ఉన్నడని నాకు అప్పుడే తెలిసింది.

దుకాణం బోర్డు మీద ఆయన పేరు ఉన్నది. కని ఆ పేరుతోని ఎవ్వరు పిలవంగ నేను వినలే, ఇక్కడ రాయ గూడ రాయ. నట్లు తిప్పే పానాలు అమ్ముతడని ఊరంత పానాల కాక అంటుండె. ఇరువై రెండేండ్లు మస్కట్ల ఇండ్ల మరమ్మతు పని చేసి, తిరిగొచ్చి బస్టాండు కాడ ఇనుప సామాన్ల దుకాణం పెట్టుకున్నడు. పెండ్లి చేసుకోలే. దుకాణం వెనక కిరాయి అర్రల ఒక్కడే ఉంటుండె. సన్నటి మనిషి, పొడుగు. మామూలు మాట మాట్లాడినా కొట్లాటకు వచ్చినట్టే ఉంటుండె. ఏ పనిముట్టు ఇచ్చినా బల్ల మీద పెట్టకపోతుండె. మొన తన దిక్కు పట్టుకొని, పిడి మన దిక్కు చాపుతుండె. మనం పట్టుకున్నంక గూడ కొద్దిసేపు ఇడవకపోతుండె. మన మొకంలకు చూస్తుండె, ఈ చేతికి ఇది ఇయ్యొచ్చునా అన్నట్టు.

దుకాణం గడప దిగిండంటే మాత్రం రెండు చేతులు వెనకకు పోతుండె. ఎవరి ఇంటి ముంగట నిలబడ్డా, ఎవరి మోటరు చెడిపోయిందని చూడ పిలిచినా, చేతులు వెనక కట్టుకొనే చూస్తుండె. నోటితోని చెప్తుండె, ముట్టకపోతుండె. అంత పని ఎరుకైన మనిషి ఒక్క స్క్రూ గూడ తిప్పడని ఊర్లె నవ్వుకుంటుండ్రి. దుబాయి, మస్కట్ పోయొచ్చినోళ్లకు ఒళ్లు వంగదని అంటుండ్రి. నేను గూడ అట్లనే అనుకున్న.

ఆయనతోని నాకు పని పడ్డది కొత్తిల్లు కట్టుకున్న యేడు. నాది ఎల్లారెడ్డిల బడి నౌకరి, ఇల్లు కామారెడ్డిల. మా ఆయన దుబాయిల డ్రైవరు. నలభై రోజుల సెలవుల గృహప్రవేశం చేసి మల్ల విమానం ఎక్కిండు. ఇంట్ల నేను, బీడీలు చేసే మా అత్తమ్మ, ఇద్దరమే. పాలు పొంగిచ్చిన పదో రోజుకు వంటింటి నల్లా లూజైంది. ప్లంబరుకు ఫోన్ చేస్తే ఎత్తలే. ఎలక్ట్రీషియన్ ఎత్తలే. మేస్త్రీ అయితే నంబరే మార్చిండు. ఇల్లు కట్టేటప్పుడు పొద్దుగూకులు మా ఇంట్లనే ఉన్న మనుషులు, పని అయిపోంగనే మాయమైండ్రు.

కాక దుకాణంల ఒక ఎర్ర డబ్బా వేలాడుతుండె. సుత్తె, స్క్రూడ్రైవర్లు, పానాలు, తీగెలు కోసే పకడు, అన్నీ అందుల ఎక్కడియక్కడ అమర్చి ఉన్నయి. అది చూపిచ్చి అడిగిన.

“కాకా, ఆ డబ్బా ఇయ్యి. కొత్తిల్లు, సామాన్లు ఏం లేవు ఇంట్ల.”

“అది ఇయ్య. అది గృహప్రవేశానికి కానుకవెట్టేటోళ్లు కొంటరు. నువ్వు ఇంట్ల ఉండేదానివి.”

“అన్నీ ఉన్నయి గదా అందుల?”

“మీ మెయిన్ స్విచ్ ఏడున్నది?”

“మెట్ల కింద.”

“నీళ్లు బంద్ చేసే వాలు ఏడున్నది?”

నాకు తెల్వది.

“ఫ్యూజు పోతే ఏం జేస్తవు?”

“ఎలక్ట్రీషియన్‌ను పిలుస్త.”

“ఎత్తుతడా ఫోను?”

దుకాణంల ఇంకిద్దరు మనుషులున్నరు. వాళ్ల ముంగట్నే కాక గొంతు పెంచిండు.

“ఇల్లు నీదా, మేస్త్రీదా?”

నాకు మండింది. పిల్లలకు పాఠం చెప్పేదాన్ని, నన్ను నిలబెట్టి ప్రశ్నలు అడుగుతుండు. పోదామని మర్లిన. అప్పుడు ఒక టెస్టర్ తీసి, పిడి నా దిక్కు చాపిండు.

“వారం రోజులు దీనితోని ఇల్లంత తిరుగు. ఏ బోర్డుల ఎలుగుతది, ఏడ ఎలగది, కాయితం మీద రాసుకొని రా. అప్పుడు ఇంకోటి ఇస్త.”

కోపంతోనే తీసుకున్న. కోపంతోనే తిరిగిన. వారమైనంక కాయితం తీస్కపోతే, పరీక్ష పేపరు దిద్దినట్టు దిద్దిండు. వంటింట్ల ఒక బోర్డు రాయడం మరిచిన, అది గూడ పట్టుకున్నడు. పడకగది బోర్డు ఒకటి తలకిందులు చేసిండ్రని నేను గీసిన బొమ్మ చూసే చెప్పిండు.

అట్ల ఒక్కొక్కటి. పానా ఇచ్చిన రోజు, వాలు మూసి నల్లా ఇప్పి మల్ల బిగిచ్చి రమ్మన్నడు. బిగిచ్చిన అంటే నమ్మలే. ఏ దిక్కు తిప్పినవు, నీళ్లు కారకుంట తెల్లటేపు ఎన్ని సుట్లు సుట్టినవు అని అడిగిండు. స్క్రూడ్రైవర్ దగ్గర నాకు ఆయనకు పెద్ద పంచాయితీ అయింది. నాకు మొనలు మార్చే సన్నటి సెట్టు కావాలె. ఆయన లావు పిడిది, ఎడల్పు మొనది ఒక్కటే ఇస్తనన్నడు. “ఆడపిల్ల చెయ్యి అని సన్నటిది ఇస్తే అది నీ చేతిలనే ఇరుగుతది. తలుపుకు కొట్టిన స్క్రూ నీ చెయ్యి చూసి లూజుగ ఉంటదా?” అన్నడు. సుత్తె, పకడు, కొలిచే టేపు, టార్చిలైటు, ఒకటి వాడినంకనే ఇంకోటి. వానకాలం అంత అట్లనే గడిచింది. మా అత్తమ్మ బీడీ చాట ఒడిలె పెట్టుకొని చూస్తుండె. “మొగోళ్ల సామానంత ఇంట్ల కుప్పవోస్తున్నవు” అంటుండె.

ఒకనాడు నేను దుకాణంల ఉండంగనే ఒక కాంట్రాక్టరు వచ్చిండు. ఎవలిదో ఇంటికి వైరు కావాలన్నడు. రెండు రంగులు చాలు, మూడోది వద్దు, అది ఎవలు చూడొచ్చిండ్రు అన్నడు. మూడో తీగె అంటే భూమిలకు పోయేది. మిషన్ల కరెంటు లీకైతే మనిషి మీదికి రాకుంట మట్టిలకు గుంజుకపోతది. ఆ మాటకు కాక చేతిల ఉన్న వైరు చుట్టను బల్ల మీద కొట్టిండు.

“దిగు. నా దుకాణం దిగు!”

“అమ్మేటోనివి నీకెందుకు కాకా?”

“మూడోది వద్దన్నోనికి నా దుకాణంల మొల గూడ ఇయ్య. దిగు!”

రోడ్డు అవతల ఆటోల కూసున్నోళ్లు గూడ తలలు బయటికి పెట్టి చూసిండ్రు. కాంట్రాక్టరు తిట్టుకుంట పోయిండు. కాక బల్ల పట్టుకొని నిలబడ్డడు.  

చలికాలం వచ్చింది. ఒక శుక్రవారం నాడు బస్సుకు టైముందని దుకాణం కాడ ఆగి, మాటల్ల మాట అన్న.

“వంటింట్ల నల్లా పట్టుకుంటే చెయ్యి జుమ్మంటున్నది కాకా.”

మొలలు జోకుతున్న మనిషి ఆగిండు.

“ఎన్ని రోజుల సంది?”

“వారమైతదేమో.”

“వారమా! టెస్టర్ పెట్టి చూసినవా నల్లాకు?”

చూడలే. అది బోర్డులకే అనుకున్న. 

“నీళ్లు దేనితోని కాగవెడుతున్నరు?”

“కరెంటు రాడ్డు. బకెట్ల పెడతం.”

ఆయన మొకం రంగు మారింది. “ఇయ్యాల్టి సంది రాడ్డు ముట్టొద్దు. మీ అత్తకు నువ్వు చెప్పుడు కాదు, ఆమెతోని ఒప్పిచ్చు. ఆదివారం పొద్దుగాల బస్సుకు నేనే వస్త.”

చాయ్ హోటలాయన ఆ మాట విని వింతవోయిండు. కాక దుకాణం ఇడిచిపెట్టి ఇంకో ఊరికి, ఒకరి ఇంటికి పోవుడు అప్పటిదాక లేదట.

అత్తమ్మకు చెప్పిన. సరే, కట్టెల పొయ్యి మీద కాగవెట్టుకుంట అన్నది. శనివారం అట్లనే చేసింది.

ఆదివారం ఏడు గంటలకే గేటు కాడ కాక నిలబడి ఉన్నడు. చేతులు వెనక. దండం పెట్టలే, కుశలం అడగలే. “మెయిన్ చూపియ్యి” అన్నడు. మెట్ల కింద బోర్డు మూత నాతోనే తీపిచ్చిండు. వంగి లోపలికి చూసిండు.

“భూమిలకు పోయే ఆ ఆకుపచ్చ తీగెను టార్చి పట్టి చూడు. ఏడికి పోయింది?”

చూసిన. గోడల సొచ్చింది.

“గోడ అవతలికి పోయి చూడు. బయటికి వచ్చిందా?”

పోయి చూసిన. రాలే. గోడ అవతల ఏం లేదు. ఉత్త సున్నం.

“రాలే కాకా.”

“గోడల కుక్కి సున్నం కొట్టిండు దొంగ.” ఒక్కపారి తల ఎత్తిండు. “మీ అత్త ఏది?”

“తానం చేస్తున్నది…” అనుకుంటనే పెరటి దిక్కు చూసిన. పొయ్యిల మంట లేదు. పొగ లేదు. అంతకు ముందు గూడ లేదని అప్పుడు గుర్తుకొచ్చింది. బాత్రూం బయటి బోర్డుకు వైరు తగిలిచ్చి ఉన్నది. ఆ వైరు వెంటిలేటర్ల నుంచి లోపలికి పోయింది.

అదే గడియల లోపల “అమ్మో” అన్న కేక. ఆ వెనకనే దబ్బున చప్పుడు.

నేను ఉరికి తలుపు గుద్దబోయిన.

“ముట్టకు!” కాక ఒర్రిండు. “మెయిన్! ముందు మెయిన్ బంద్ చెయ్యి!”

వెనకకు ఉరికి మెయిన్ కిందికి గుంజిన. ఇంట్ల ఫ్రిజ్ మోత ఆగింది. టెస్టర్ పెట్టి చూడమన్నడు. బోర్డు రంధ్రంల మొన పడ్తలేదు. పడ్డది. ఎలగలే. “ఇప్పుడు పిన్ను గుంజు” అన్నడు. గుంజి పారేసిన.

“అత్తమ్మా! అత్తమ్మా!”

జవాబు లేదు. చెవి ఆనిచ్చి విన్న. తలుపు వెనకనే, కింద నేల దగ్గర మూలుగు. బతికున్నది. లోపల గడియ పెట్టి ఉన్నది.

“తన్ని పలగ్గొడదం కాకా!”

“ఆమె తలుపు కాడనే పడ్డది. పలిగితే ఆమె మీదనే పడ్తది. మడతబందులు బయటి దిక్కే ఉన్నయి చూడు. ఇప్పు.”

సామాన్ల సంచి తెచ్చి ఆయన ముంగట పారేసిన. “నువ్వు ఇప్పు! నీ చేతికి ఎంతసేపు?”

ఆయన కదలలే. చేతులు వెనకనే ఉన్నయి.

“నువ్వే ఇప్పాలె.”

“ఆమె సచ్చిపోతది కాకా!”

“మాట్లాడకు. కింది బందు మొదలువెట్టు. పైది ఆఖరుకు.”

“నువ్వు మనిషివేనా?” అని అడిగిన. మొకం మీదనే అడిగిన. 

మోకాళ్ల మీద కూలవడ్డ. స్క్రూల నెత్తిన రంగు నిండి ఉన్నది. మొన పడ్తలేదు, జారుతున్నది.

“గీకు. గీకినవా? ఇప్పుడు మొన పెట్టి సుత్తెతోని ఒక్కటి కొట్టు. ఒక్కటే. ఇగ నీ బరువంత పిడి మీద ఎయ్యి. తిప్పు.”

తిరిగింది. రెండోది జారి నా ఎడమ అరచెయ్యి చీరింది. రక్తానికి పిడి జారుతుంటే చున్నీ సుట్టుకొని తిప్పిన. లోపల మూలుగు సన్నవడుతున్నది. కాక మాట మాత్రం ఒక్క తీరుగ ఉన్నది. గీకు, పెట్టు, కొట్టు, తిప్పు. నడిమి బందుకు వచ్చినప్పుడు ఎందుకో తల మర్లి చూసిన. ఆయన పక్కకు మర్లి నిలబడ్డడు, వెనక కట్టుకున్న చేతులు నా కండ్లకు ఎదురుగ ఉన్నయి. ఒక చెయ్యి ఇంకో చేతిని పట్టుకొని పిసుకుతున్నది. భుజాల దాక వణుకుతున్నడు. పిరికోడు అనుకున్న.

ఆఖరి స్క్రూ రాంగనే తలుపు నా మీదికి ఒరిగింది. ఆయన భుజం అడ్డం పెట్టి ఆపిండు. చేతులు అప్పుడు గూడ ముంగటికి తేలే.

అత్తమ్మ పక్కకు ఒరిగి పడి ఉన్నది. బకెటు పక్కన దొర్లింది. వేడినీళ్లకు భుజం ఎర్రగ పొక్కింది. కండ్లు మూతలు పడుతున్నయి, కని ఊపిరి ఆడుతున్నది. నా కేకలకు పక్కింటోళ్లు వచ్చిండ్రు. బట్ట సుట్టి, ఎత్తి ఆటోల ఏసుకొని దవఖానకు ఉరికినం. కరెంటు కొట్టి ఇసిరేసిందని, పడ్డప్పుడు తుంటి ఎముక ఇరిగిందని డాక్టరమ్మ చెప్పింది. పానం నిలబడ్డది. అత్తమ్మ గుడికి టైమైతున్నదని, ఒక్కపూటకు ఏమైతదని రాడ్డు పెట్టిందట. మూడు నెలలు మంచంల ఉన్నంక కర్ర పట్టుకొని నడిచింది.

కాక ఎప్పుడు పోయిండో ఎవ్వరం చూడలే.

రెండు నెలలు నేను ఆ దుకాణం దిక్కు తిరగలే. బస్సు దిగంగనే రోడ్డు దాటి అవతలి అంచుకు నడుస్తుంటి. ఆయన నన్ను చూస్తుండె, పిలవకపోతుండె. ఒకనాడు మాత్రం దుకాణంల నుంచే ఒర్రిండు.

“టీచరమ్మా! ఆ మూడో తీగెకు ఎర్తింగ్ పెట్టిచ్చినవా?”

“పెట్టిచ్చిన.”

“పెట్టేటప్పుడు నువ్వు చూసినవా?”

“గుంత తవ్వినకాడి సంది నిలబడి చూసిన. ఉప్పు, బొగ్గు ఎంత పోసిండో గూడ చూసిన.”

తల ఊపిండు. నేను రోడ్డు దాటి దగ్గరికి పోయిన. రెండు నెలల సంది గొంతుల ఉన్న మాట అడిగిన.

“ఆ పొద్దు ఎందుకు ముట్టలే కాకా? మా అత్తమ్మ సస్తే?”

ఆయన బల్ల మీది ఇనుప పొడి ఊడ్చిండు.

“నేను ముడితే నువ్వు చూసుకుంట నిలబడుదువు. మల్లొకపారి నేను ఉండ గదా.”

అది నాకు సరిపోలే. కని కోపం పట్టుకొని ఉండుడు గూడ శాతకాలే. అత్తమ్మే అన్నది, “తిట్టకు బిడ్డా, ఆ పొద్దు ఆయన గొంతు లోపలికి ఇనవడ్డది. ఎవలో తొవ్వ చెప్తున్నరు, నేను బయట పడ్త అనుకున్న” అని. ఆ తర్వాత మా కాలనీల ఎవలు కొత్తిల్లు కట్టుకున్నా నేనే ఆయన దగ్గరికి తోలిచ్చిన. వాళ్లను గూడ అట్లనే తిట్టిండు. ఒక్కొక్కటే ఇచ్చిండు. ఎర్ర డబ్బా అడిగిన వాళ్లందరు నన్ను తిట్టుకున్నరు.

ఆ సోమవారం బడిల సెలవు చెప్పి తాడ్వాయి పోయిన. వాళ్ల అన్న ఇల్లు అడిగితే చూపిచ్చిండ్రు. మట్టి అప్పటికే ఇచ్చిండ్రు. ఇంటి ముంగట అరుగు మీద గోడకు ఆనుకొని ముసలాయన కూసున్నడు. అచ్చం కాక మొకమే. ఆయన నన్ను చూసిండు, మాట్లాడలే. లోపలి నుంచి కాక వదినె వచ్చింది. ఎవలని అడిగింది. చెప్పిన. కూసో అని పీట వేసింది. ఆమె కుడిచెయ్యి మూడు వేళ్లు అరచేతిలకు ముడుచుకపోయి ఉన్నయి. ఎడమ చేతితోనే నీళ్లు ఇచ్చింది.

నేను ఆ చేతి దిక్కు చూసుడు ఆమె చూసింది.

“కరెంటు కొట్టింది బిడ్డా. పదకొండేండ్లాయె” అన్నది. “ఈ ఇంటికి కరెంటు పనంత మా మరిదే చేసిండు. సెలవుల వచ్చి, పది రోజులు తిండి గూడ మరిచి, ఒక్కడే చేసి పోయిండు. ఏడాది తిరగకముందే బట్టలారేసే తీగెకు కరెంటొచ్చి నన్ను పట్టుకున్నది. నీ పనితోని నా పెండ్లాం చెయ్యి పోయిందని ఈయన ఊరంత చెప్పిండు. ఉరికొచ్చిన మరిదిని గడప ఎక్కనియ్యలే.”

అరుగు మీద ముసలాయన అట్లనే కూసున్నడు. ఆమె గొంతు తగ్గిచ్చలే. ఆయనకు వినవడాలనే చెప్తున్నది.

“అసలు సంగతి వేరే ఉండె. వెనక పెరట్ల బండలు పరిపిచ్చేటప్పుడు, భూమిలకెల్లి ఒక తీగె అడ్డం వస్తున్నదని ఈయనే కోసి పారేసిండు. నాకెరుకే. ఎన్నడు చెప్పలే, భయానికి. మొన్న మరిది దవఖానల ఉన్నడంటే ఈయనకు చెప్పకుంట పోయిన. కాళ్లు పట్టుకొని చెప్పిన.”

“ఏమన్నడు కాక?”

“నాకెరుకే వదినె అన్నడు. నువ్వు దవఖానల ఉన్నప్పుడే ఎవలు చూడకుంట పెరట్లకు పోయి చూసిన అన్నడు. మరి ఎందుకు చెప్పలేదయ్యా, పదకొండేండ్లు నీ మీద ఏసుకున్నవు అని ఏడ్చిన. చెప్తే అన్న నీ మొకం ఎట్ల చూస్తడు అన్నడు.” ఆమె ముడుచుకున్న వేళ్లను ఇంకో చేతితోని పట్టుకున్నది. “ఇంకో మాట గూడ అన్నడు. తప్పు నాది గూడ ఉన్నది వదినె, అంత నేనే చేసి పోయిన, ఆ తీగె దేనికో మీకు ఒక్క మాట చెప్పి పోలే, చెప్తే అన్న కోసేటోడు కాదు అన్నడు.”

  ఆమె కొంగుతోని మొకం తుడుచుకొని లోపలికి పోయింది.

ఎల్లిపోదామని లేచిన. అరుగు దగ్గరికి వచ్చేసరికి ముసలాయన మొదటిసారి నోరు తెరిచిండు.

“మీ ఇంటికి వచ్చిండా బిడ్డా, మా తమ్ముడు?”

“వచ్చిండు బాపూ. ఒక్కసారి.”

“కూసుండవెట్టినవా? చాయ్ తాగిపిచ్చినవా?”

ఆ ఆదివారం గుర్తుకు తెచ్చుకున్న. మనిషివేనా అని ఒర్రుడు గుర్తుకొచ్చింది. వేరే ఏం గుర్తుకు రాలే.

“లేదు బాపూ” అన్న.

ఆయన రోడ్డు దిక్కు చూసిండు.

“నేను గూడ పెట్టలే” అన్నడు.